మగతలో వచ్చే మనిషి

పాకాలలో మధ్యాహ్నం రెండు దాటితే వీధిలో ఎండ తప్ప మనుషులు కనిపించరు. స్టేషను వైపు నుంచి వచ్చే గాలి అంగడిలో దూరి, బెల్లం వాసన పట్టుకొని, కాస్త బరువెక్కి ఇంట్లోకి నడుస్తుంది. ఆ వేళకే దామోదరం వచ్చేవాడు.

వాకిలికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చి, బెల్లం దిమ్మెల పక్కనున్న పీట లాక్కొని కూర్చునేవాడు. తువ్వాలుతో మెడ తుడుచుకునేవాడు.

"అన్నం తింటివా, పంకజా?"

"తింటి. నువ్వో?"

"ఐరాల్లో తింటి. ఊరిబిండిలో కారం శానా ఎక్కువ. ఈతూరి చెరుకు బాగుండాది. పాకం పసుపు మాదిరి దిగతా ఉండాది."

ఎప్పుడూ ఇలాంటి మాటలే. మబ్బు పట్టిందనో, రైలు ఆలస్యమనో, గోనెసంచులు చాలలేదనో. పంకజాక్షి కుర్చీలో వెనక్కి వాలి వినేది. ఆమె చుట్టూ వెలుతురు తేనెలా కదిలేది. ఇంతలో ఎవరో వచ్చి బల్ల మీద తట్టి "అక్కా, అరకేజీ బెల్లం" అనేవారు. కళ్లు తెరిస్తే పీట ఖాళీ. దామోదరం చనిపోయి పదకొండేళ్లయింది. అతను వచ్చినప్పుడల్లా ముప్పై తొమ్మిదేళ్ల వాడుగానే ఉండేవాడు. ఆమెకు నలభై ఆరు నిండాయి.

వచ్చినవాళ్లు తామే తూకం వేసుకొని, తామే పొట్లం కట్టుకొని పోయేవాళ్లు. పంకజాక్షికి లేవడం కష్టమని పాకాలలో అందరికీ తెలుసు. నూట ముప్పై కిలోల మనిషి. దామోదరం పోయిన ఏడాది ఆమె తిండి మానేసింది, మరుసటి ఏడాది తినడం ఆపలేకపోయింది. ఆ తర్వాత తిన్నా మానినా ఒళ్లు పెరుగుతూనే పోయింది. మోకాళ్లు వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉండేవి. తెల్లారి లేస్తే వేళ్లు గంటసేపు మడతపడేవి కావు. చర్మం ముడతల్లో పుండ్లు మానేవి కావు. ఎప్పుడూ సన్నగా జ్వరం ఉన్నట్టే ఉండేది గానీ, థర్మామీటరు పెడితే జ్వరం లేదనేది. ఎక్కడ కూర్చుంటే అక్కడే కళ్లు మూతలుపడేవి.

"వేడి చేసిందే నీకు" అనేది అత్త సిద్ధమ్మ. డెబ్బై దాటిన బక్కపలచటి మనిషి. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పొద్దున్నే కోడలి నడినెత్తిన ఆముదం అద్దేది, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది, కుండలో మజ్జిగ కలిపి పెట్టేది. ఆ వేడి మజ్జిగకు తగ్గేది కాదు.

సాయంత్రం ఎండ దిగాక సిద్ధమ్మ నెమ్మదిగా వచ్చి కోడలి కాళ్ల దగ్గర కూర్చునేది.

"ఈపొద్దు వచ్చినాడా?"

"వచ్చినాడత్తా."

"ఏమన్నాడు?"

పంకజాక్షి అంతా చెప్పేది. ఊరిబిండి పచ్చడిలో కారం ఎక్కువైందని కూడా చెప్పేది. సిద్ధమ్మ తల ఊపుతూ, "వానికి చిన్నప్పటి నుంచీ కారం పడదు" అనేది. కొడుకు ఎక్కడో పక్క ఊళ్లో కాపురం ఉండి, కోడలి చేత కబురు పంపుతున్నట్టుగా ఉండేది ఆ ముసలామెకు. అతను తన కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. అందుకు ఏడ్చేది కాదు. "నీకాడికి వస్తాండాడు గదా, సాలు" అనేది.

*

కూతురు నవీన తిరుపతిలో కాలేజీ లెక్చరరు. రెండువేల ఏడు ఎండాకాలం సెలవుల్లో పాకాల వచ్చి, తల్లి చేతిలో కాఫీ గ్లాసు పట్టుకొనే నిద్రపోవడం చూసింది. గ్లాసు ఒరిగి కాఫీ చీర మీద పోయినా ఆమెకు మెలకువ రాలేదు. పెదాల మీద చిన్న నవ్వు ఉంది.

"అమా, తిరపతికి పోదాం పా. డాక్టరమ్మకు సూపిస్తా."

"మోకాళ్లకేనా? ఎన్ని మందులు మింగలా?"

"మోకాళ్లకు కాదు. అన్నిటికీ."

డాక్టర్ జయంతి ఆసుపత్రి తిరుపతిలో రైల్వే గేటుకు కొంచెం ఇవతల ఉంది. చుట్టూ లాడ్జిలు. గుండ్లతో, గంధం పూసిన నెత్తులతో యాత్రికులు కిటికీ బయట పోతూ ఉన్నారు. పంకజాక్షి ఆ కదిలే తలలను చూస్తూ రెండుసార్లు కునికింది. డాక్టరు అది గమనించింది. మోకాళ్లు నొక్కి చూసింది, వేళ్లు చూసింది, మెడ వెనక నల్లబడ్డ చర్మం చూసింది, నెత్తురు తీయించింది. రెండోసారి వెళ్లినప్పుడు కుర్చీ దగ్గరగా జరుపుకొని కూర్చుంది.

"మీ అత్తగారు ఏమంటారు, ఇదంతా ఎందుకని?"

"వేడి అంటాది."

"తప్పు చెప్పలేదమ్మా. దెబ్బ తగిలితే ఆ చోటు వాచి, ఎర్రబడి, వేడెక్కుతుంది కదా. దెబ్బను బాగుచేయడానికి ఒళ్లు చేసే పని అది. పని అయిపోతే చల్లారిపోవాలి. మీకు అదే పని ఒళ్లంతా, సన్నగా, ఆగకుండా జరుగుతోంది. నెత్తుట్లో దానికొక కొలత ఉంది. మామూలు మనిషికి ఉండాల్సిన దానికి మీకు ఎన్నో రెట్లు ఉంది."

"దెబ్బేమీ తగల్లేదే నాకు."

"కొవ్వు ఊరికే మూటగట్టి పెట్టిన సరుకు కాదు. అదీ బతికే ఉంటుంది. మరీ పెరిగితే దాని కణాలకే ఊపిరాడదు, చితికిపోతాయి. వాటిని బాగుచేయడానికి తెల్లకణాలు వస్తాయి. వచ్చినవి తిరిగి పోవు, అక్కడే కూర్చొని మంట రేపుతుంటాయి. ఆ మంట కీళ్లకు పోతుంది, గుండెకు పోతుంది, నెత్తుటి నాళాలకు పోతుంది. మెదడుకూ పోతుంది. జ్వరం వస్తే మగతగా ఉంటుంది కదా, మీది అలాంటి మగతే. దానికి తోడు రాత్రి నిద్రలో మీకు గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది. రాత్రి దక్కని నిద్ర పగలు వచ్చి మీద పడుతోంది."

"నిద్రలో మనుషులు కనపడతారు" అంది పంకజాక్షి నెమ్మదిగా.

"కనపడతారు. పగలు అలా కునికేవాళ్లకు, సగం మెలకువలోనే కలలు వస్తాయి."

నవీన తల్లి ముఖం వంక చూసింది. దామోదరం రాకపోకల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంత బరువున్నప్పుడు తిండి తగ్గించి, నడిచి తగ్గడం చాలామందికి సాధ్యం కాదని, కడుపును చిన్నది చేసే ఆపరేషన్ ఒకటి ఉందని, చెన్నైలో చేస్తారని డాక్టరు చెప్పింది. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు. ప్రమాదం లేదని చెప్పనంది. బతికినంత కాలం తిండి విషయంలో జాగ్రత్తగా ఉండాలంది.

"బరువు తగ్గుతుంది. దాంతోపాటు ఆ మంట కూడా తగ్గుతుంది. నాకు అదే ముఖ్యం."

"మంట తగ్గితే మగత కూడా పోతాదా?"

"పోతుందమ్మా."

డాక్టరు అది శుభవార్తగా చెప్పింది. పంకజాక్షి కిటికీ బయటికి చూస్తూ, ఆలోచించుకొని చెబుతానంది.

ఇంటికొచ్చి అత్తకు అంతా చెప్పింది. సిద్ధమ్మ విని చాలాసేపు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

"అంటే వాడు వచ్చేది ఆ మంట దారినా?"

"అట్లే అనుకోవాల్నేమో."

"అయితే వద్దులే. మజ్జిగ తాగు" అంది సిద్ధమ్మ.

పంకజాక్షికి కూడా వద్దనే ఉంది. నవీన ఫోన్ చేసినప్పుడల్లా "సూద్దాం, సూద్దాం" అంటూ నెట్టుకొచ్చింది.

*

ఆ ఏడు కార్తీక మాసంలో ముసురు పట్టింది. ఇళ్ల గోడలు చెమ్మగిల్లి, పగలంతా పొద్దుగూకినట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం సిద్ధమ్మ పెరట్లోని కట్టెలు తడుస్తున్నాయని వెళ్లింది. పంకజాక్షి కుర్చీలో ఉంది. చూరు నుంచి ధారలు పడుతున్నాయి. ఆ చప్పుడులోంచి దామోదరం వచ్చాడు.

ఆ రోజు కూర్చోలేదు. పీట పక్కన నిలబడ్డాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మ పిలస్తా ఉండాది. ఇనపడలా?"

"నువ్వు పోరాదా? నాకు మోకాళ్లు లేస్తాయా?"

"నేను పోలేను గదా, పంకజా" అన్నాడు.

పదకొండేళ్లలో అతను తన చావును ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. ఆమెకు మెలకువ వచ్చింది. వాన చప్పుడు కింద నుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టుగా, సిద్ధమ్మ గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో తెలియదు. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

పంకజాక్షి కుర్చీ చేతులు పట్టుకొని లేచింది. గోడ పట్టుకొని, వంటింటి గడప పట్టుకొని, పెరటి వాకిలి దాకా పోయేసరికి ఊపిరి అందలేదు. నాచు పట్టిన బండ పక్కన ముసలామె వెల్లకిలా పడి ఉంది. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. కళ్లల్లో వాన పడుతుంటే రెప్పలు కొట్టుకుంటోంది.

"నన్ను లేపు, పంకజా."

లేపడం ఆమె వల్ల కాదు. వంగితే తానే పడుతుంది. కింద కూర్చుంటే మళ్లీ లేవడం కుదరదు. అది తెలిసే, గోడకు ఒరుగుతూ జారి, బురదలో అత్త పక్కన చతికిలబడింది. ఆమె తలను ఒడిలోకి తీసుకొని, వాన పడకుండా ముఖం మీదికి వంగింది. అంత పెద్ద ఒళ్లు ఆ పూట ఒక చూరులా పనికొచ్చింది, అంతే. పక్కింటి తిరుమలయ్య గోడ మీది నుంచి చూసి మనుషుల్ని పిలుచుకొచ్చే దాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ముందు సిద్ధమ్మను లేపి మంచం మీద పడుకోబెట్టారు. పంకజాక్షిని లేపడానికి నలుగురు పట్టారు.

సిద్ధమ్మకు ముంజేయి విరిగింది. కట్టు కట్టించుకొని వచ్చిన కొన్నాళ్లకు ఒకనాటి పొద్దున ఎడమచేత్తో కోడలి నెత్తిన ఆముదం అద్దుతూ అంది:

"ఆపరేషన్ చేయించుకో."

"ఆయన రాకుంటే?"

"అప్పుడు నువ్వు అలగమాకు, నేను అలగను. బతికినోళ్లం ఇద్దరం ఉండాము గదా ఈడ."

*

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చెన్నైలో ఆపరేషన్ జరిగింది. మత్తులోకి జారేముందు పంకజాక్షి దామోదరం కోసం చూసింది. చల్లటి గదిలో తెల్లటి దీపాలు తప్ప ఏమీ లేవు. మెలకువ వచ్చేసరికి పొట్ట మీద అయిదు చోట్ల చిన్న చిన్న పట్టీలు ఉన్నాయి. నర్సు అరవంలో ఏదో అడిగింది. దాహంగా ఉందని సైగ చేస్తే ఒక చెంచా నీళ్లు ఇచ్చారు. ఆ చెంచాడు నీళ్లు లోపలికి దిగే దారి అంతా ఆమెకు తెలిసింది. ఒక చెంచా అంత పెద్దదిగా ఎప్పుడూ అనిపించలేదు.

తిరుపతిలో కూతురి ఇంట్లో రెండు నెలలు ఉంది. మొదటి నెత్తురు పరీక్షలో ఆ కొలత తగ్గడం కాదు, ముందుకంటే పెరిగింది. నవీన భయపడితే జయంతి నవ్వింది.

"కోత కూడా దెబ్బే కదా. ఒళ్లు దాన్ని బాగుచేసుకుంటోంది. ఇది ఆరిపోయే మంట. కొంచెం ఓపిక పట్టండి."

ఓపిక పట్టడం తప్ప ఆమెకు వేరే పని లేదు. గంజి తేట, తర్వాత మెత్తగా గిలకొట్టిన పప్పు, తర్వాత వేలెడంత ఇడ్లీ ముక్క. మూడు ముద్దలకే కడుపు చాలంటుంది. జుట్టు రాలింది. కాళ్లల్లో సత్తువ లేక కొన్ని పూటలు మంచం దిగలేదు. "ఎందుకు చేయించుకొంటినో" అని గోడ వైపు తిరిగి పడుకున్న రోజులూ ఉన్నాయి. మేడ మీద వరండాలోంచి కొండ కనిపించేది. మబ్బులు కొండను కొంచెం కొంచెంగా తినేసి మళ్లీ విడిచిపెట్టేవి. అవి చూస్తూ గంటలు గడిపేది.

ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉంటే, బ్రష్షు పట్టుకున్న వేళ్లు మడతపడి ఉన్నాయని గమనించింది. నొప్పి లేదు. లేచి ఎంతసేపో కాలేదు కూడా. నిలబడి చేతిని తెరిచింది, మూసింది. మోకాలి మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది. చల్లగా, పక్క మనిషి మోకాలులా ఉంది. అప్పటికి తగ్గిన బరువు కొంచెమే. చీర కట్టుకుంటే ఇంకా పెద్ద మనిషే. కానీ లోపల ఏదో ఆగిపోయింది. రాత్రంతా తిరిగిన ఫ్యాను కరెంటు పోయి ఆగితే, అంతవరకూ అది చప్పుడు చేస్తూ ఉందని అప్పుడే తెలిసినట్టు, ఆమెకు తన ఒంట్లోని ఆ సన్నటి జ్వరం పోయాకే అది ఎంత పెద్దదో తెలిసింది.

ఎండాకాలం నాటికి ఆ కొలత సగానికి వచ్చింది, వానలు పడే నాటికి ఇంకా దిగింది. ముడతల్లో పుండ్లు ఎండి రాలాయి. రాత్రి తలగడ మీద తల పెడితే తెల్లారి కాకులే లేపేవి. ఆ నిద్ర నల్లగా, లోతుగా, అడుగున రాయి పరిచిన నీళ్లలా ఉండేది. అందులో ఎవరూ లేరు.

*

పాకాల వచ్చాక మధ్యాహ్నం రెండింటికి ఆమె కుర్చీలో కూర్చొని కళ్లు మూసుకునేది. గాలి వచ్చేది, బెల్లం వాసన వచ్చేది. వీధిలో సైకిలు గంట వినిపించేది, చింతచెట్టు మీద ఉడుత కూత వినిపించేది, రైలు ఎక్కడ మలుపు తిరుగుతోందో కూడా తెలిసేది. ఇన్ని చప్పుళ్లు ఈ వీధిలో ఉన్నాయని ఆమె మరిచిపోయింది. వాటి మధ్య దామోదరానికి చోటు లేకపోయింది.

మొదట్లో రెండు మూడుసార్లు వచ్చాడు. ఒకసారి వాకిట్లోనే నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ వెళ్లిపోయాడు. ఒకసారి తువ్వాలు కొస మాత్రం తలుపు పక్కన కదిలింది. ఆ తర్వాత అదీ లేదు.

"ఈపొద్దు వచ్చినాడా?" అంది సిద్ధమ్మ, ఎప్పటిలా.

"వచ్చినాడు."

"ఏమన్నాడు?"

"చెరుక్కి తెగులు పట్టిందంట అత్తా."

అలా మొదలైంది. రోజూ ఒక మాట కల్పించేది. కల్పించడం కష్టమేమీ కాలేదు. అతను ఏమంటాడో ఆమెకు తెలుసు. మాట నోట్లోంచి పోయాక మాత్రం పీట వైపు చూసేది కాదు. ఆమె ఇప్పుడు బావి దాకా నడుస్తోంది, బియ్యం మూట కదిలిస్తోంది, వంగి ముగ్గు వేస్తోంది. వీధిలో ఆడవాళ్లు "పంకజక్కా, సగమైపోతివే" అంటున్నారు. అందరూ సంతోషిస్తున్నారు. ఒక మనిషిని ఇంట్లోంచి పంపేసి తాను తేలికపడ్డట్టు ఆమెకు అనిపించేది.

ఒక మధ్యాహ్నం సిద్ధమ్మ గుడికి పోయి ఉంది. పంకజాక్షి కళ్లు మూసుకొని ఎంతసేపు కూర్చున్నా మగత రాలేదు. పాత మగత ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంది. కడుపు నిండా తిన్న తర్వాత అది త్వరగా వచ్చేది. లేచి వెళ్లి బెల్లం దిమ్మె నుంచి పెద్ద ముక్క విరిచింది. బెల్లం జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆమె నిలబడే, తొందర తొందరగా అంతా తినేసింది.

కాసేపటికి ఒళ్లంతా చెమట పోసింది. గుండె దడదడలాడింది. కడుపులో మెలిపెట్టి, కళ్ల ముందు అంగడి తిరిగింది. నేల మీద పడుకుంటే బండ చల్లగా తగిలింది. చుట్టూ వెలుతురు మళ్లీ పాత రోజుల్లో మాదిరి కదలసాగింది. "వచ్చినావా?" అంది పైకే. పీట పీటలాగే ఉంది.

సిద్ధమ్మ వచ్చి చూసేసరికి ఆమె చెమటలో తడిసి, వణుకుతూ ఉంది. నోటి చుట్టూ బెల్లం.

"ఏందే ఇది? ఏం జేసుకుంటివి?"

"ఆయన వస్తాడేమోనని తింటి అత్తా."

"రోజూ వస్తాండాడు గదా."

పంకజాక్షి కళ్లు మూసుకొని తల అడ్డంగా ఊపింది.

"రావడంలే. శానా దినాలాయ. నేనే చెప్తాండా."

ముసలామె తడిగుడ్డ తెచ్చి కోడలి ముఖం తుడిచింది. నిమ్మళించే దాకా పక్కనే కూర్చొని విసనకర్రతో విసిరింది. విరిగి అతికిన చెయ్యి కాస్త వంకరగా, ఆగి ఆగి కదులుతోంది. సాయంత్రమయ్యాక లేచి, దీపం పెట్టి, ఏమీ తినకుండా పడుకుంది.

మూడు నాలుగు రోజులు ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. పంకజాక్షి అలకేమో అనుకుంది. అలక కాదు. సిద్ధమ్మ మొదటిసారిగా కొడుకు చావుకు దుఃఖపడుతోంది. ఇన్నేళ్లూ ఆమెకు ఆ అవసరం రాలేదు.

అయిదోనాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకొని అంగడిలోకి వచ్చి నిలబడింది.

"నన్ను చిత్తూరికి పిలుచుకొని పో. వాడు పడిపోయిన చోటు సూడాల."

*

దామోదరం చనిపోయింది చిత్తూరు బెల్లం మండీలో. సరుకు చూసుకుంటూ ఉన్నట్టుండి కూలబడ్డాడు. శవాన్ని వ్యానులో ఇంటికి తెచ్చారు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు ఎవరూ మండీ వైపు వెళ్లలేదు. మొదట మనసు రాలేదు, తర్వాత పంకజాక్షికి బస్సు మెట్టు ఎక్కడం కుదరలేదు.

ఇప్పుడు బస్సు ఎక్కింది. తాను ఎక్కి, చెయ్యి అందించి అత్తనూ ఎక్కించింది. గానుగలు మొదలైన రోజులు. దారి పొడుగునా చెరుకు తోటల మీద పొగ సన్నగా, నీలంగా పరుచుకొని ఉంది. బస్సు ఆ పొగలోకి పోతూ వస్తూ ఉంటే, రెండు ఊళ్ల మధ్య ఇంకో మెత్తటి ఊరు ఉన్నట్టుగా తోచింది.

మండీలో బెల్లం కుప్పలు పోసి ఉన్నాయి. లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఎన్నో రంగులు. కందిరీగలు, గోనెలు, అరుపులు. ఒక అంగడి ముందు కూర్చున్న పెద్దాయన వీళ్లను చూసి, పంకజాక్షి "పాకాల దామోదరం" అనగానే లేచి నిలబడ్డాడు. ఆయన పేరు పెంచలయ్య. ముప్పై ఏళ్లుగా అక్కడే వ్యాపారం.

"నా ఒళ్లోనే తల పెట్టినాడమ్మా" అన్నాడు. "అదో, ఆ స్తంభం కాడ."

మామూలు రాతి స్తంభం. దాని మొదట్లో ఎవరిదో అన్నం క్యారియరు పెట్టి ఉంది. సిద్ధమ్మ పోయి స్తంభం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నొప్పి అన్నాడా?" అంది.

"అంత టైము లేదు పెద్దమ్మా. పాడతా పాడతా ఆగిపోయినాడు. ఏందిరా ఆగినాడని తిరిగి సూస్తే కూలబడినాడు."

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆయన పాడేదేంది?" అంది పంకజాక్షి.

"మీకు తెలీదా? మూటలు దించేటప్పుడు చెక్కభజన పాటలు పాడతాడు గదా. హమాలీలంతా వంత. గొంతు ఏమంత బాగుండదు, నిజం చెప్పాలంటే. శ్రుతి ఒక పక్క, ఆయప్ప ఒక పక్క. అయినా వినేవాళ్లం. పాట లేకుంటే ఆ దినం మండీ మండీ మాదిరి ఉండేది కాదు."

పంకజాక్షి పక్కనున్న గోనె మీద కూర్చుంది. పదిహేనేళ్ల కాపురంలో ఆయన కూనిరాగం కూడా తీయలేదు. పదకొండేళ్లు రోజూ మధ్యాహ్నం వచ్చినవాడు తనకు తెలిసిన మాటలే మాట్లాడాడు, తెలియనిది ఒక్కటీ చెప్పలేదు. ఆమెకు ఇప్పుడు అర్థమైంది, అతను చెప్పలేడని. ఇక్కడ, ఈ కందిరీగల మధ్య, ఎవరో ముసలాయన నోట్లోంచి, దామోదరం తనకు తెలియని మనిషిగా, పెద్ద గొంతుతో, శ్రుతి తప్పి నడిచి వచ్చాడు.

సిద్ధమ్మ ముందు నవ్వింది. "వానికి గొంతెక్కడిదయ్యా, గాడిద గొంతు" అంటూ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. పంకజాక్షి లేచి వెళ్లి పట్టుకుంది. ముసలామె ఒళ్లంతా కోడలి మీద వాలిపోయినా ఆమె కాళ్లు కదలలేదు.

మండీ నుంచి బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. సగం దారిలో సిద్ధమ్మ ఆగి కోడలిని కిందికీ పైకీ చూసింది. అలా చూసి చాలా ఏళ్లయింది.

"నీ రవికలు భుజాల మీద నిలబడ్డంలే. జారిపోతా ఉండాయి. గుడ్డ తీసుకుందాం పా."

గుడ్డల అంగడిలో కుర్రవాడు వాళ్లిద్దరినీ చూసి తెలుపు, బూడిద, లేత గోధుమ రంగు తానులు తీసి పరిచాడు. సిద్ధమ్మ వాటిని పక్కకు నెట్టింది.

"అవి కాదప్పా. ఆ పై వరసవి తియ్యి." కోడలి వైపు తిరిగింది. "నీకేది నచ్చుతాదో అది తీసుకో. నన్నడగొద్దు."

పంకజాక్షి చాలాసేపు చూసి చిలకాకుపచ్చది తీసుకుంది. ఇంకొకటి తీసుకొమ్మంటే నేరేడుపండు రంగుది కూడా తీసుకుంది. పొట్లం చంకలో పెట్టుకొని బస్సెక్కారు. కిటికీ పక్కన సిద్ధమ్మను కూర్చోబెట్టింది. పొద్దు వాలుతూ తోటల మీది పొగకు కెంపు రంగు వచ్చింది. బస్సు పూతలపట్టు దాటాక ముసలామె ఏదో గుర్తొచ్చినట్టు ఇటు తిరిగింది.

"ఏ పాట పాడేవాడో అడగలేదే మనం."

"అవునత్తా."

"మళ్లా పోదామా?"

"సోమారం పోదాం" అంది పంకజాక్షి.